రెండు వాలులు కలిసే చోటు: మంగలికత్తికి పదును పెట్టడం నేర్చుకుందాం

మంగలికత్తిని నూరురాయి మీద పడుకోబెట్టి పక్కనుంచి చూడండి. ఒకవైపు మందమైన వెన్ను, రెండోవైపు సన్నని అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనుకుంటాయి. నడిమి భాగం లోపలికి గుల్లగా ఉంటుంది కాబట్టి రాయికి తగలదు. ఇది అర్థమైతే కత్తి నూరడం గురించిన భయం సగం పోతుంది. కూరగాయల చాకుకు పదును పెట్టేటప్పుడు మణికట్టును ఒకే వాలులో నిలపాలి. చెయ్యి కాస్త లేచినా, వాలినా కోణం మారిపోతుంది. మంగలికత్తికి ఆ బాధ లేదు. ఏ కోణంలో నూరాలో దాన్ని చేసిన పనివాడే నిర్ణయించి, ఆ కొలతను వెన్ను మందంలో పెట్టి పంపాడు. వెన్నును రాయి మీంచి లేపకుండా ఉంటే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది.

మరి ఇంత సులువైతే, తాతగారి కత్తి ట్రంకుపెట్టెలో దొరికిందని మురిసిపోయి దాన్ని నూరబోయినవాళ్లలో చాలామంది నాలుగు రోజులకే ఎందుకు విసుగెత్తి మళ్లీ పెట్టెలో పడేస్తున్నారు? చేతిలో నేర్పు లేకపోవడం ఇందుకు అసలు కారణం కాదు. మొదటి రాయి పని పూర్తికాకముందే రెండో రాయికి వెళ్లిపోవడమే కారణం. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. ఎందుకో తెలియాలంటే కత్తి ఒంటి తీరు, ఉక్కు గుణం, రాళ్ల పని వరుసగా చూడాలి.

కత్తి ఒంటి తీరు

ముందు పేర్లు. మందంగా ఉండే పైభాగం వెన్ను. కోసే భాగం అంచు. అంచు మొదలయ్యే చోటు, అంటే పిడివైపు మూల, మడమ. అవతలి చివర మొన. అంచును భూతద్దంలో చూస్తే దానికి రెండు వైపులా సన్నని మెరుపు పట్టీ కనబడుతుంది. రాయి అరగదీసిన చోటు అది. దాన్ని మనం వాలు అందాం. పెంకుటింటి కప్పుకు రెండు వాలులు పైన దూలం మీద కలిసినట్టే, కత్తికి అటొకటి ఇటొకటి ఉన్న వాలులు ఒక గీత వెంట కలుస్తాయి. ఆ గీతే అంచు. అవి మడమ నుంచి మొన దాకా ఎక్కడా ఎడం లేకుండా కలిస్తేనే కత్తికి పదును ఉన్నట్టు. కొద్దిగా ఎడం మిగిలినా అక్కడ అంచు ఉండదు, మొండి గట్టు ఉంటుంది.

ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 5/8 అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే సుమారు 19. వెన్ను నుంచి అంచుకు 19 మిల్లీమీటర్లున్న కత్తికి వెన్ను మందం 5.5 మిల్లీమీటర్లనుకుంటే, రెండు వాలుల మధ్య కోణం సుమారు 16న్నర డిగ్రీలు వస్తుంది. వంటింటి చాకులకు ఇది సాధారణంగా 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. కోణం మరీ తగ్గితే అంచు నిలవదు, పెళుసుగా విరుగుతుంది. మరీ పెరిగితే వెంట్రుకను కొయ్యకుండా లాగుతుంది. మంచి కత్తి చేసేవాళ్లు వెడల్పునుబట్టి వెన్ను మందాన్ని ఎంచుకుంటారు.

రాయి మీద అంచుతోపాటు వెన్ను కూడా కొద్దికొద్దిగా అరుగుతుంది. రెండూ కలిసి అరగడం వల్లే ఏళ్లు గడిచినా కోణం పెద్దగా మారదు. వెన్ను మీది నగిషీ చెడిపోతుందనుకునేవాళ్లు దానికి ఎలక్ట్రికల్ టేపు ఒక పొర అంటిస్తారు. ఆ పొర వల్ల కోణం దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. దానివల్ల నష్టం లేదు. అయితే మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా టేపు ఉంటే ఉండాలి, లేకపోతే అసలే ఉండకూడదు. నడుమ తీసేస్తే కోణం మారుతుంది, అప్పటిదాకా చేసిన వాలును కొత్త రాయి అంచు దాకా తాకదు.

ఉక్కు కథ, మన దక్కను వాటా

గడ్డం గీసే కత్తికి కావలసిన ఉక్కు ఆషామాషీది కాదు. గట్టిగా ఉండాలి, లోపలి రేణువులు సన్నగా ఉండాలి, మలినాలు ఉండకూడదు. ఉక్కులో మసిగీతలాంటి చిన్న మలినం ఉన్నా, అది అంచు మీదికొచ్చిన రోజున అక్కడ పెచ్చు లేస్తుంది. అందుకే ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కును మూసలో కరిగించి పోసే పద్ధతి కనిపెట్టడం కత్తుల తయారీలో పెద్ద మలుపైంది. కరిగితే మలినాలు తేలిపోతాయి, కర్బనం అంతటా సమంగా కలుస్తుంది.

మూసలో ఉక్కు చెయ్యడం దక్కనుకు అంతకుముందే శతాబ్దాలుగా తెలుసు. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందుకు పేరుపొందిన ఊరు. 1820లలో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పని ఎలా సాగుతుందో చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. భారతదేశపు ఉక్కు లండన్‌లో శాస్త్రవేత్తల చేతికి చేరింది 1790లలో. అక్కడి కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో శస్త్రవైద్యుల పరికరాలు, గడ్డం గీసే కత్తులు చేసి అమ్మాడు. ఏళ్లతరబడి పోల్చి చూశాక యూరప్‌లోని మేలైన ఉక్కుకంటే దీన్నే మెచ్చుకుంటున్నానని తన దుకాణం కార్డు మీద అచ్చువేయించుకున్నాడు. ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవాలనే తపనతోనే ఆయన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశాడు. ఆ ఫలితాలు 1820లో, 1822లో వెలువడ్డాయి. ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి ఫారడే ఆనాటి ఒక మిశ్రమంతో చేసిన గడ్డం కత్తులను మిత్రులకు కానుకగా ఇస్తుండేవాడు.

తర్వాతి కాలంలో జర్మనీలోని జోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్ వంటి ఊళ్లు ఈ కత్తులకు పేరుమోశాయి. రెండు పక్కలనూ లోపలికి బాగా గుల్ల చేసి, గోటితో మీటితే మోగేంత పలుచన చెయ్యడం జోలింగెన్ పనివాళ్ల ప్రత్యేకత. నేర్చుకునేవాళ్లు ఈ పలుచదనాన్ని బాగా గుర్తుంచుకోవాలి. అంచు దగ్గర కత్తి అంత పలుచగా ఉంటుంది కాబట్టి, రాయి మీద గట్టిగా అదిమితే అది వంగుతుంది. వంగిన అంచును రాయి సమంగా అరగదీయలేదు. బలం ఉపయోగించిన కొద్దీ పదును దూరమయ్యేది అందుకే.

రాళ్లు ఏం చేస్తాయి?

నూరురాయిలో గట్టి రేణువులుంటాయి. ఒక్కో రేణువూ ఉక్కు మీద ఒక్కో గీత గీస్తుంది. రేణువు పెద్దదైతే గీత లోతు, ఉక్కు త్వరగా అరుగుతుంది. చిన్నదైతే గీత సన్నం, అరుగుదల తక్కువ, నునుపు ఎక్కువ. ఈ పరిమాణాన్నే గ్రిట్ అంటారు. అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. 1000 గ్రిట్ రాయిలో రేణువు సుమారు 10 నుంచి 15 మైక్రాన్లు. 4000లో కంపెనీనిబట్టి 3 నుంచి 6. 8000లో 1 నుంచి 3. 12000కు వచ్చేసరికి దాదాపు ఒక మైక్రాన్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్లుంటుంది.

రాళ్లలో నార్టన్, నానివా వంటి కంపెనీలు తయారుచేసేవి ఉన్నాయి, భూమిలోంచి తవ్వితీసినవి ఉన్నాయి. సహజమైన రాళ్లలో బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్‌కు గొప్ప పేరు. పసుపు తిరిగిన ఆ రాయిలో కోసే పని చేసేవి సూక్ష్మమైన గార్నెట్ స్ఫటికాలు. జర్మనీ తురింగియా ప్రాంతపు పలకరాళ్లు, జపాన్‌లో క్యోటో చుట్టుపక్కల గనుల రాళ్లు కూడా చివరి మెరుగు కోసం వాడతారు. అయితే ఏ రెండు సహజ రాళ్లూ ఒక్కలా ఉండవు. నేర్చుకునేటప్పుడు తయారుచేసిన రాళ్లతో మొదలుపెట్టడమే మేలు. 1000 రాయి ఒకటి, ఒకవైపు 4000, మరోవైపు 8000 ఉన్న జంటరాయి ఒకటి ఉంటే గడ్డం గీసుకోగలిగే పదును వస్తుంది. 12000 రాయిని తర్వాత తీరిగ్గా కొనుక్కోవచ్చు.

ఏ రాయైనా చదునుగా ఉండాలి. కొత్త రాయి కూడా చదునుగా ఉందని నమ్మకండి. రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. మందమైన గాజుపలక మీద నీటికి తట్టుకునే గరుకు కాగితం పరిచి, నీళ్లు చిలకరించి, రాయిని దాని మీద రుద్దండి. మధ్యలో పెన్సిల్ గీతలు మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. అన్నీ చెరిగిపోయేదాకా రుద్దాలి. రాయి పల్లంగా ఉంటే ఎంత నూరినా అంచు అంతటా సమంగా తగలదు.

మొదటి రాయి: ఇక్కడే ఉంది అసలు పని

1000 రాయిని నీళ్లతో తడిపి, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టండి. కత్తిని బొటనవేలు, చూపుడువేలు నడుమ మడమకు పక్కన ఉన్న ఉక్కు కాడ దగ్గర పట్టుకోండి. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనాలి. ఇప్పుడు అంచు ముందుండేలా, రాయి మీంచి పలుచటి పొర ఒలుస్తున్నట్టుగా ముందుకు నడపండి. కత్తి సాధారణంగా రాయి వెడల్పుకంటే కాస్త పొడవుంటుంది కాబట్టి, మడమతో మొదలై మొనతో ముగిసేలా ఏటవాలుగా జరుపుకుంటూ పోవాలి. రాయి చివరికి చేరగానే కత్తిని వెన్ను మీదుగా తిప్పి, రెండో పక్కను అదే తీరున వెనక్కి తీసుకురావాలి. ఎప్పుడూ వెన్ను మీదుగానే తిప్పాలి. అంచు మీదుగా తిప్పితే అప్పటిదాకా చేసిన పని ఒక్క క్షణంలో చెడుతుంది, రాయి మీద గాటు కూడా పడుతుంది.

ఎంత అదమాలి? ఈ మొదటి రాయి మీద కొద్దిపాటి ఒత్తిడి పనికొస్తుంది, అది కూడా అంచు వైపు కాదు, వెన్నూ అంచూ రెండింటి మీదా సమంగా. తర్వాతి రాళ్ల మీద కత్తి బరువు చాలు, చెయ్యి దారి చూపిస్తే సరిపోతుంది.

ఎన్నిసార్లు నూరాలి? అందరూ అడిగే ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పలేం. మంచి స్థితిలో ఉన్న కత్తికి కొద్దిసేపు చాలు. ఏళ్ల తరబడి మొద్దుబారిన కత్తికో, పెచ్చులు లేచినదానికో వందలసార్లు కావచ్చు. లెక్క చూసి ఆపకూడదు, అంచును చూసి ఆపాలి.

ఇక్కడ చవకైన పరికరం ఒకటి బాగా ఉపయోగపడుతుంది: చెరగని ఇంకు మార్కర్. రెండు వాలుల మీదా మార్కర్‌తో నల్లగా పూయండి. రాయి మీద అటొకసారి ఇటొకసారి నడిపి, దీపం కింద పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. ఇంకు అంచు దాకా పూర్తిగా పోతే రాయి అంచును తాకుతోంది. వాలు పైభాగంలో పోయి, అంచు వెంట సన్నని నల్లగీత మిగిలితే రాయి ఇంకా అంచును చేరలేదు. ఒక చోట పోయి, ఒక చోట మిగిలితే కత్తి కొద్దిగా మెలితిరిగి ఉంది. అలాంటి కత్తిని రాయి మీద నడిపేటప్పుడు మడమ నుంచి మొన వైపు బరువును నెమ్మదిగా మారుస్తూ పోవాలి. ఇంకు మాయమయ్యే తీరు చూస్తే కత్తి వంకరలన్నీ కాసేపట్లోనే తెలిసిపోతాయి.

పని అయిందని ఎలా తెలుస్తుంది?

ఒక్క పరీక్షతో తృప్తిపడకండి. మూడు పరీక్షలు ఒకే మాట చెప్పాలి.

మొదటిది కంటితో. కత్తిని తిరగేసి, అంచు మీకు ఎదురుగా ఉండేలా బలమైన దీపం కింద పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. రెండు వాలులు కలిసిన చోట వెలుగును తిప్పి పంపే వెడల్పు ఉండదు కాబట్టి అంచు కనబడదు. కలవని చోట చిన్న చదును మిగిలి ఉంటుంది, అక్కడ చుక్కలాగో గీతలాగో మెరుస్తుంది. ఒక్క మెరుపు చుక్క కనబడినా పని మిగిలి ఉందని అర్థం.

రెండోది నీటితో. రాయి మీద పలుచగా నీళ్లుండగా కత్తిని నెమ్మదిగా ముందుకు నడిపి, అంచు ముందున్న నీటిని గమనించండి. అంచు మొద్దుగా ఉంటే నీరు దాని ముందు తోసుకుపోతుంది. వాలులు కలిసి అంచు ఏర్పడ్డాక నీరు అంచు కిందికి పోకుండా కత్తి ముఖం మీదికి ఎక్కుతుంది. మడమ దగ్గర ఎక్కి, మొన దగ్గర తోసుకుపోతుంటే మొన వెనకబడిందని తెలుస్తుంది.

మూడోది ముంజేతి రోమాలతో. కత్తిని చర్మానికి దగ్గరగా, తగలకుండా నడిపితే రోమాలు తెగాలి. ఒక్కచోట తెగితే చాలదు. మడమతో, నడిమితో, మొనతో విడివిడిగా చూడాలి. మూడు చోట్లా ఒకేలా తెగాలి. పదును లేని కత్తికంటే సగం పదునున్న కత్తి ఎక్కువ ప్రమాదకరం, కాబట్టి ఈ పరీక్ష మెల్లగా చెయ్యండి. పిల్లలు దగ్గర లేనప్పుడే నూరండి.

ఈ మూడు పరీక్షలూ నెగ్గే కత్తి 1000 రాయి మీదే రోమాలు కోస్తుంది. నెగ్గకపోతే 12000 రాయి మీద గంటసేపు నూరినా ఆ లోటు తీరదు. కారణం సూటిగా ఉంది. సన్నని రాయి అరగదీసే ఉక్కు చాలా తక్కువ. అది ఉన్న వాలును నునుపు చేస్తుంది, లేని అంచును పుట్టించలేదు. వాలు అద్దంలా మెరుస్తూ, కత్తి మాత్రం గడ్డాన్ని పట్టి లాగుతుంటే, మొదటి రాయి దగ్గరికి తిరిగి వెళ్లడమే మార్గం.

నడిమి రాళ్లు, చివరి రాయి

మొదటి రాయి అంచును తయారుచేస్తే, తర్వాతి రాళ్లకు ఒక్కో దానికి ఒక్కటే పని: ముందు రాయి మిగిల్చిన గీతలను చెరిపి, వాటికంటే సన్నని గీతలు గీయడం. 4000 రాయి మీద పని అయిందని తెలియాలంటే భూతద్దంలో 1000 రాయి గీతలు ఒక్కటి కూడా కనబడకూడదు. ముఖ్యంగా అంచును ఆనుకుని ఉన్న గీతలు. వాలు పైభాగం మెరుస్తున్నా అంచు దగ్గర పాత గీతలు మిగిలిపోవడం మామూలే. 8000 మీద వాలు అద్దంలా మారుతుంది. ఆ దశలో చేతికి కొత్త స్పర్శ తెలుస్తుంది. చదునైన రాయికీ చదునైన వాలుకూ నడుమ నీటిపొర పట్టుకుని, రాయి కత్తిని తనవైపు లాక్కుంటున్నట్టు ఉంటుంది. అది మంచి గుర్తు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఎక్కువసేపు అదిమి నూరితే అంచు చివర ఉక్కు పలుచటి పొరలా సాగి, ఒకవైపుకు వంగి నిలబడుతుంది. చేతికి చాలా పదునుగా తోస్తుంది, రోమాలు కూడా బాగా కోస్తుంది. గడ్డం మీద పెట్టేసరికి మాత్రం ఆ పొర విరిగి, చర్మం మండిపోతుంది. అందుకే ఒకేవైపు పదేపదే నూరకుండా, ఒకటటు ఒకటిటు మార్చుకుంటూ పోవాలి. పొర పుట్టిందనిపిస్తే 4000 రాయి మీదికి వెళ్లి, ఏమాత్రం అదమకుండా కొద్దిసార్లు నడిపి, మళ్లీ పైకి రావాలి.

తోలు పట్టా

రాళ్ల పని ముగిశాక తోలు పట్టా వంతు. ఇక్కడ దిశ తారుమారవుతుంది. రాయి మీద అంచు ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. పొరపాటున అంచు ముందుకు నడిపితే తోలు తెగుతుంది. పట్టాను బిగుతుగా లాగి పట్టుకోవాలి. వదులుగా ఉంటే అంచు దగ్గర తోలు పైకి వంగి, దాన్ని గుండ్రం చేస్తుంది. ముందు నారగుడ్డ మీద 20, 30 సార్లు, తర్వాత తోలు మీద 40 నుంచి 60 సార్లు నడపడం వాడుక. ఇక్కడా వెన్ను మీదుగానే తిప్పాలి. తోలు అంచు మీది తడి, తుప్పు ఛాయ, అతుక్కున్న ధూళి తీసి, వంగిన సూక్ష్మమైన చివరను సరిచేస్తుంది.

ఉత్త తోలు అరగదీసేది చాలా తక్కువ. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్ 2004లో కత్తుల పదును మీద తన ప్రయోగాల వివరాలు వెల్లడించారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అంచులను ఫొటోలు తీసి చూస్తే, బజారులో దొరికే మంచి బ్లేడు అంచు మందం అర మైక్రాన్‌కు లోపే ఉంది. ఉత్త తోలు వల్ల వచ్చే మార్పు స్వల్పమని, క్రోమియం ఆక్సైడ్ పూసిన తోలు మాత్రం అంచును స్పష్టంగా మెరుగుపరుస్తుందని ఆయన చూపారు. అర మైక్రాన్ రేణువులుండే ఆ పచ్చటి ముద్దను విడిగా ఒక గుడ్డ పట్టీ మీదో, చెక్క మీదో పూసి పెట్టుకోండి. రోజూ వాడే తోలుకు పూయకండి. మూసలో కరిగించిన మన పాత ఉక్కులోని నీటి అలల్లాంటి చారలు ఎలా ఏర్పడతాయో కత్తుల పనివాడు ఆల్‌ఫ్రెడ్ పెండ్రేతో కలిసి దశాబ్దాలు శ్రమించి విడమరిచింది కూడా ఈ వెర్‌హోవెనే.

రాయి, మెత్తని మెరుగు చెక్క, వెంట్రుక పరీక్ష అనే ఈ మూడంచెల క్రమం ఎంత పాతదో చూడాలంటే సుశ్రుత సంహిత సూత్రస్థానం 8వ అధ్యాయం తెరవాలి. శస్త్రచికిత్స పరికరాలను మినుముల రంగున్న నున్నని రాతి పలక మీద నూరమని, అంచు నిలబడటానికి బూరుగు చెక్క వాడమని అందులో ఉంది. రోమాన్ని తెగ్గొట్టగలిగినప్పుడే ఆ శస్త్రం వాడకానికి పనికొస్తుందని చెప్పింది. ఏ పనికి ఎంత సన్నని అంచుండాలో కూడా మసూరు పప్పు మందం నుంచి సగం వెంట్రుక మందం దాకా మెట్లుగా కొలిచింది.

ఇంటి దగ్గర అదే పరీక్షను ఇలా చెయ్యొచ్చు. తలస్నానం చేసిన పొడి వెంట్రుక ఒకటి రెండు వేళ్లతో పట్టుకుని, అంచుకు తాకించండి. లాగకుండానే టప్పున తెగితే అంచు బాగుందన్నమాట. మడమ, నడిమి, మొన మూడు చోట్లా చూడండి. ఒకరి వెంట్రుక బిరుసు, ఒకరిది మెత్తన కాబట్టి ఎప్పుడూ ఒకే మనిషి వెంట్రుకతో చూస్తే పోల్చడం సులువు. ఆఖరి తీర్పు మాత్రం చెంపదే. నురగ బాగా పట్టించి, చర్మాన్ని లాగి పట్టుకుని, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో నడిపినప్పుడు లాగకుండా, మండకుండా గీస్తేనే పదును కుదిరినట్టు.

ఇంత గట్టి ఉక్కు మెత్తటి వెంట్రుకకు ఎందుకు ఓడుతుంది?

ఉక్కుతో పోలిస్తే వెంట్రుక యాభై రెట్లు మెత్తన. అయినా కొద్దిసార్లు గడ్డం గీసేసరికే కత్తి మొద్దుబారుతుంది. ఈ చిక్కుముడిని ఎంఐటీలో చెమ్ తసాన్ బృందం విప్పి 2020లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. అందులో పరిశోధకుడు జాన్‌లూకా రోషోలీ తన గడ్డం గీసుకున్న బ్లేడు అంచులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. అంచు నెమ్మదిగా గుండ్రబడటం కంటే, అక్కడక్కడా పెచ్చులు లేవడం కనబడింది. వెంట్రుక వాలుగా తగిలినప్పుడు, అంచు మీద ముందే ఓ చిన్న లోపం ఉన్నప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం అక్కడ సమంగా లేనప్పుడు, ఈ మూడూ కలిసొచ్చిన చోట పెచ్చు లేస్తుందని తేలింది.

ఆ ప్రయోగం వాడి పారేసే బ్లేడు మీద చేసినదే. అయినా నూరేవాళ్లకు అందులో పాఠం ఉంది. ముతక రాయి మిగిల్చిన లోతైన గీత అంచును చేరిన చోట చిన్న గాటులా ఉంటుంది. పెచ్చు మొదలవడానికి అనువైన చోటు అదే. ప్రతి రాయి మీదా ముందు గీతలు పూర్తిగా పోయేదాకా ఆగితే కత్తి నునుపుగా గీయడమే కాదు, పదును కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పదునుకు ఇంకో శత్రువు తుప్పు. అర మైక్రాన్ అంచును తినెయ్యడానికి ఒక రాత్రి తడి చాలు. గీసుకున్నాక కత్తిని మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పలుచగా నూనె రాయండి. స్నానాలగదిలో పెట్టకండి. మన కోస్తా ఊళ్ల ఉప్పుగాలిలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. గీసుకునే ముందు రోజూ తోలుకు నడిపితే చాలాకాలం రాయి అవసరం రాదు. లాగుతోందనిపించినప్పుడు చివరి రాయి మీద కొద్దిసార్లు నడిపితే సరిపోతుంది. 1000 రాయి మళ్లీ కావలసింది పెచ్చు లేచినప్పుడే.

ఒక కత్తి, ఒక మనిషి

క్షౌరం చేసే అంగళ్లలో ఈ కత్తి ఎందుకు కనబడటం లేదో కూడా చెప్పుకోవాలి. కింగ్ జిల్లెట్ పారేసే బ్లేడును 1903లో అమ్మకానికి తెచ్చాక ఇంట్లో గీసుకునేవాళ్లు అటు మళ్లారు. మన ఊళ్లలో క్షురకులు మాత్రం చాలాకాలం నూరే కత్తినే వాడారు. చిన్న రాయి, తోలు పట్టా, చివర్లో అరచేతి మీద రెండు విసుర్లు, ఇదంతా పొదిలోనే ఉండేది. అరచేతి విసుర్లు ఏళ్ల అలవాటుతో వచ్చిన పని, కొత్తవాళ్లు చెయ్యకూడదు. 1986లో మన దేశంలో హెచ్ఐవీ బయటపడ్డాక పెరిగిన అవగాహనతో అంగళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కొత్త సగం బ్లేడు బిగించే కత్తి వచ్చింది. రక్తం ద్వారా పాకే హెపటైటిస్ ముప్పు కూడా ఉంది కాబట్టి ఆ మార్పు న్యాయమైనదే. నూరే కత్తి ఇప్పుడు ఇంటి వస్తువు. దాన్ని ఒక్కరే వాడాలి. అన్నదమ్ములైనా, తండ్రీకొడుకులైనా పంచుకోకూడదు.

ఆ పని నుంచి తప్పుకున్న పెద్దలు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నారు. మీకు అలాంటివారు తెలిస్తే వెళ్లి అడగండి. ఎంత బరువు వెయ్యాలో పుస్తకం చదివితే తెలియదు. వాళ్లు నూరుతుంటే పక్కన కూర్చుంటే రాయి మీద కత్తి చేసే చప్పుడుతోనే తెలుస్తుంది. ఆ విద్యను అడిగి నేర్చుకోవడం వాళ్లకు మనం ఇచ్చే గౌరవం కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తాతగారి కత్తితో మొదలుపెట్టకండి. పెచ్చులు లేని, అంచు తిన్నగా ఉన్న, వెన్ను ఒక్కచోటే అరిగిపోని 5/8 లేదా 6/8 పాత కత్తి ఒకటి సంపాదించి దాని మీద చెయ్యి కుదుర్చుకోండి. చవకలో దొరికే కొత్త కత్తుల్లో చాలావాటికి ఉక్కు సరిగా గట్టిపడి ఉండదు, ఒళ్లు మెలితిరిగి ఉంటుంది. వాటి మీద నేర్చుకుంటే తప్పు చేతిదో కత్తిదో తేలదు.

డబ్బు మొదట మంచి భూతద్దం మీద, 1000 రాయి మీద పెట్టండి. ఖరీదైన చివరి రాయికి తొందర లేదు. మొదటి రోజు ఆ ఒక్క రాయితోనే కూర్చోండి. మార్కర్ పూసి, నడిపి, చూసి, మళ్లీ నడపండి. విసుగొస్తే కత్తి తుడిచి, నూనె రాసి పక్కన పెట్టి రేపు కొనసాగించండి. ఆపిన చోటు నుంచే పని మొదలవుతుంది, నష్టపోయేది ఏమీ లేదు. దీపం కింద అంచు వెంట ఒక్క మెరుపు చుక్క కూడా లేదని, మడమ నుంచి మొన దాకా రోమాలు ఒకేలా తెగుతున్నాయని మీకు మీరే రూఢి చేసుకున్న తర్వాతే 4000 రాయిని తడపండి.